నడిమి పేజీల చాచా

బుధవారం పొద్దున బడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే చాచీ ఫోను చేసింది. ఆమె తనంతట తాను నాకు ఎప్పుడూ ఫోను చేయదు. మాట్లాడాల్సింది ఉంటే చాచా నంబరు కలిపి ఇస్తాడు. అందుకే ఆమె గొంతు వినగానే, ప్రెస్సులో బిగించిన పుస్తకం ఎండిపోయి ఉంటుందని, శుక్రవారం దాకా ఆగలేక చాచా ఆమెతో ఫోను చేయిస్తున్నాడని అనుకున్నాను. "ఎండిందా చాచీ?" అన్నాను నవ్వుతూ. "మీ చాచా లేడు బిడ్డా. పొద్దుగాల ఫజర్ నమాజుకు లేపుదామని పోయిన. లేవలే," అంది.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కనుంచి సందుల్లోకి తిరిగితే వాళ్ల ఇల్లు. నేను చేరేసరికి ముంగిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి, మగవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆడవాళ్లం లోపలి గదిలో చాచీ చుట్టూ కూర్చున్నాం. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత ఆయనను తీసుకుపోయారు. జనం పలచబడ్డాక మూలనున్న షికంజా కనిపించింది. కొత్తగా జిల్దు వేసిన, అంటే కుట్టి అట్ట అంటించిన పుస్తకాలను బిగించి ఉంచే ఇనుప ప్రెస్సు అది. పైన బస్సు స్టీరింగు లాంటి చక్రం, కింద రెండు మందపాటి చెక్కలు. ఆ చెక్కల మధ్య ఒక లావుపాటి పుస్తకం ఉంది. చాచా తన చేతులతో కుట్టిన ఆఖరి పుస్తకం. తను చదువుకోవడానికి తనే కుట్టుకున్నాడు, చదవకుండానే పోయాడు. ఆ పుస్తకం గురించి చెప్పకుండా నాకు ఆయన గురించి చెప్పడం రాదు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను కార్వాన్ వైపు ఒక సర్కారు బడిలో తెలుగు చెబుతాను. మా బడి లైబ్రరీ అంటే రెండు బీరువాలు, వాటి తాళాలు నా దగ్గరే ఉంటాయి. ప్రతి ఏడాదీ ఎండాకాలం సెలవుల ముందు, పిల్లలు పీకి పెట్టిన పుస్తకాలను సంచుల్లో కుక్కి, ఆటోలో చార్మినార్ దాకా వచ్చి, గాజుల దుకాణాల వెనక సందులో ఉన్న చాచా దుకాణానికి మోసుకుపోయేదాన్ని. దుకాణమంటే ఒక మనిషి, ఒక షికంజా, గోడల నిండా కాగితాలు. సందు మలుపులోనే ఉడికించిన మైదా జిగురు వాసన వచ్చేది. పురుగు పట్టకుండా అందులో ఆయన కలిపే మైలుతుత్తం వల్ల ఆయన గోళ్ల చివర్లు ఎప్పుడూ కాస్త నీలంగా ఉండేవి.

మొదటిసారి పోయినప్పుడు సంచి బోర్లించి, ఒక్కో పుస్తకం వీపు నిమిరి చూసి, "పిల్లలు వీటిని చదివిండ్రా, తిన్నరా టీచరమ్మా?" అన్నాడు. మా పిల్లలను ఇంకొకరు ఒక్క మాటంటే నాకు పడదు. "చదివితేనే చిరుగుతాయి. చిరగకపోతే మీకు పనెక్కడిది?" అన్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పగలబడి నవ్వి, పక్క దుకాణం వైపు తిరిగి, "భాయ్, జవాబు చెప్పే టీచరమ్మ వచ్చింది. చాయ్ తెప్పియ్!" అని కేకేశాడు. ఆ చాయ్ తాగేలోపలే నేను టీచరమ్మ నుంచి బేటా అయ్యాను, ఆయన నాకు చాచా అయ్యాడు.

పనిలో ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. జిల్దు పూర్తయిన ప్రతి పుస్తకాన్నీ సగానికి తెరిచి బల్ల మీద పెట్టి చేతులు తీసేసేవాడు. అది తనంతట తాను తెరుచుకుని ఉంటే సరే. మూసుకుపోతే విప్పి మళ్లీ కుట్టేవాడు. "కితాబు నోరు మొత్తం తెర్వాలె, దవడ మాత్రం విర్గొద్దు," అనేవాడు. రెండోది ఇంకా గట్టిది. జిగురు తడి ఆరేదాకా పుస్తకాన్ని షికంజా లోంచి తీసేవాడు కాదు, ఎవరు అడిగినా సరే. ఒకసారి నా ముందే ఒక వకీలు వచ్చి కోర్టుకు టైమవుతోందని లొల్లి చేశాడు. చాచా చేతులు కట్టుకుని కూర్చుని, "సాబ్, మీ కేసు వాయిదా పడ్తది, ఇంకోరోజు అయితది. తడి మీద తీస్తే గీ జిల్దు జిందగీల సాపు కాదు," అన్నాడు. వకీలు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

ఆయనకు తెలుగు చదవడం బాగా వచ్చు. చిన్నప్పుడు సర్కారు బడిలో తెలుగు మీడియంలో కూర్చోబెట్టారట, ఇంట్లో ఉర్దూ ఎలాగూ ఉంది. ఒక ఏడాది, నా పుస్తకాలు కుడుతుండగా అడిగాను. "ఇన్ని పుస్తకాలు మీ చేతుల మీదుగా పోయాయి కదా చాచా, చదివారా?"

"అన్నీ చదివిన," అన్నాడు, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నడిమి పేజీలు."

నాకు అర్థం కాలేదు. చేతిలో ఉన్న పని చూపించాడు. పుస్తకమంటే కొన్ని కాగితాలను కలిపి మధ్యకు మడిచిన మడతలు, ఒకదాని మీద ఒకటి. కుట్టేటప్పుడు ప్రతి మడతనూ దాని నడిమికి తెరవాలి, సూది అక్కడి నుంచే పోవాలి. సూది పోయే ఆ కాసేపు కళ్ల ముందున్న పేజీని చదువుతాడు. దారం లాగి, ముడి బిగించి, తర్వాతి మడత నడిమికి పోతాడు. "చదువుకుంట కూసుంటే కుట్టేది ఎవరు బేటా? గందుకే నాకు అన్ని కితాబుల నడిమి తెలుసు. ఎట్ల షురూ అయితదో తెల్వది, ఎట్ల ఖతం అయితదో తెల్వది."

అప్పుడే గొడుగు సంగతి చెప్పాడు. మా బీరువాలో ఒక పాత నవల ఉంది. ఆ నవల పిల్లల చేతుల్లో ఎన్నిసార్లు చిరిగిందో అన్నిసార్లూ చాచా దగ్గరికి వచ్చింది. అందులో ఒక మడత నడిమిలో ఒక మనిషి చిన్న స్టేషన్‌లో రైలు దిగుతాడు. వాన కొడుతూ ఉంటుంది. అతని చంకలో గొడుగు ఉంటుంది. తెరవడు. తడుస్తూ ఊళ్లోకి నడుచుకుంటూ పోతాడు. అక్కడికి పేజీ అయిపోతుంది.

"ఎందుకు తెర్వలే?" అన్నాడు చాచా నన్ను నిలదీస్తున్నట్టు. "సంవత్సరాల సంది ఆలోచిస్తున్న. చంకల గొడుగు, నెత్తి మీద వాన. పాగల్ గాడా? గుస్సల ఉన్నడా?"

నేను ఆ నవల చదవలేదు. ఇంటికి తీసుకుపోయి చదువుదామంటే మా ప్రతికి చివరి మడతలు ఎప్పుడో ఊడిపోయాయి. ఆ మాట చెబితే చాచా బాధగా తల ఊపి, "తోక లేని దాన్ని గిన్నిసార్లు కుట్టినన్నమాట," అన్నాడు.

దుకాణం మూసేశాక మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుకుంటానని చాచా ఎప్పుడూ అంటుండేవాడు. మూసేశాడు. షికంజాను ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాడు. మంచం పట్టే జాగాలో ఇనుము పెట్టాడని చాచీ కొన్నాళ్లు మాట్లాడలేదట. కాని ఆపాటికే కళ్లు పోతున్నాయి. శుక్లాల ఆపరేషన్ అయినా లోపలి పొర పాడైందని, దానికి అద్దాలు పనిచేయవని డాక్టరు చెప్పాడు. మనుషులు కనపడేవారు, రోడ్డు కనపడేది. అచ్చు అక్షరం కనపడేది కాదు. నేను పోయినప్పుడు ఒక పుస్తకాన్ని కంటికి ఆనించుకుని ఉన్నాడు. నన్ను చూసి కింద పెట్టి, "కుట్టనీకి ఉన్న కండ్లు చదవనీకి లేకుంట పోయినయ్ బేటా," అన్నాడు. ఆయన నా ముందు అలా మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఏడ్చాను.

మా ఇంట్లో ఒక ఈ-బుక్ రీడర్ ఉండేది. పాతది, నేను వాడటం మానేసి చాలా కాలమైంది. అందులో అక్షరాలను ఎంత పెద్దవైనా చేసుకోవచ్చన్న సంగతి నాకు తర్వాతి వారం దాకా తట్టలేదు. పట్టుకుపోయి చేతిలో పెట్టాను. చాచా దాన్ని తిప్పి తిప్పి నిమిరి, అంచులు గోటితో తడిమి, "దీని కుట్టు ఏడుంది?" అన్నాడు. కుట్టు లేదన్నాను. "కుట్టు లేకుంటే కితాబు ఎట్ల అయితది? పలక అను," అన్నాడు. అప్పటి నుంచి అది పలకే. ఉర్దూ పుస్తకం ఒకటి తెరిస్తే అక్షరాలు దేనికదే విడివిడిగా వచ్చాయి. వాటిని చూసి, "ఇవి ఒకదాన్నొకటి చేయి పట్టుకోలే, కొట్లాడుకున్నయా?" అని నవ్వాడు. తెలుగు బాగానే వచ్చింది. ఒక పేజీకి నాలుగు ముక్కలు మాత్రమే పట్టేంత పెద్దవి చేసి ఇచ్చాను. మొదటి వాక్యం కూడబలుక్కుని పైకి చదివాడు. చాచీ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆ తర్వాత నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు. "బేటా, గా జమీందారు షురూల మంచోడే ఉండె!" "బేటా, ఆమెకు అంతకు ముందే పెండ్లి అయ్యి ఉండె, నాకు ఇన్నేండ్లు తెల్వదు!" స్టాఫ్ రూములో అందరికీ వినపడేలా అరిచేవాడు. నడిమి తెలిసిన పుస్తకాలకు మొదళ్లు, చివర్లు దొరుకుతుంటే ఎప్పుడో తప్పిపోయిన చుట్టాలు ఎదురుపడ్డంత సంబరం. పాత నవలలను టైపు చేసి పెట్టే మిత్రుడొకరి దగ్గర ఆ గొడుగు నవల కూడా మొత్తం దొరికింది. చాచా దాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. నన్ను చదవొద్దని ఒట్టు వేయించుకున్నాడు. "నువ్వు ముందు చదివితే నీ మొఖంల కనబడ్తది. నీకు దాచుడు రాదు."

ఆ నవల సగంలో ఉండగా పలకకు జబ్బు చేసింది. "వీపు ఉబ్బింది బేటా, జిగురు ఎక్కువైన అట్ట తీరు," అని ఫోనులో చెప్పాడు. ఇద్దరం కలిసి చౌరస్తాలోని సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికి పోయాం. ఆ భాయ్ చూడగానే, "బ్యాటరీ ఉబ్బింది చాచా. ఛార్జింగ్ పెట్టకు. పాత మోడల్, పారేయ్," అన్నాడు. చాచా మొహం చూసి మాట మార్చి, బ్యాటరీ తెప్పిస్తానన్నాడు. అది వచ్చాక, మార్చి ఇస్తానంటే చాచా ఒప్పుకోలేదు. "నా కితాబు నేనే విప్పుత. ఎట్ల విప్పాల్నో నువ్వు చెప్పు చాలు." భాయ్ తల గోక్కుని, ఇనుము తగలనివ్వొద్దని, పాత బ్యాటరీకి మొన గుచ్చుకుంటే మంట లేస్తుందని హెచ్చరించాడు. "బొక్కతోటి ఐతే?" అన్నాడు చాచా. కాగితం మడతలు నొక్కడానికి ఆయన వాడే బద్ద ఎముకతో చేసింది. తలుచుకుంటే, ఆ పనికి అంతకన్నా మంచి పనిముట్టు ఆ దుకాణంలోనూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చున్నాం. చాచీ ఒక తట్ట నిండా ఇసుక తెచ్చి మా పక్కన పెట్టి, గుమ్మంలో కూర్చుని పెదవులు కదుపుతూ దువా చదవడం మొదలుపెట్టింది. "బాంబు గాదే," అన్నాడు చాచా. "నీ చేతిల ఏదైనా బాంబే," అంది చాచీ. నేను ఫోనులో వీడియో చూస్తూ చెబుతున్నాను, ఆయన వేళ్లతో చూస్తూ చేస్తున్నాడు. ఎముక బద్దను వెనక మూత అంచులోకి దూర్చి, పాత పుస్తకం అట్టను విడదీసినట్టు, ఒత్తకుండా, చుట్టూ తిప్పుకుంటూ వచ్చాడు. లోపలి ప్లాస్టిక్ కొక్కేలు ఒక్కొక్కటే టక్కుమని వదిలాయి. కొన్ని విరిగాయి. మూత లేచింది.

ఆయన ముందుకు వంగాడు. లోపల సగానికి పైగా ఉబ్బిన బ్యాటరీయే, ఇడ్లీలా. దాని పక్కన ఆకుపచ్చ సర్క్యూట్ ముక్క, దాని మీద నల్లటి చతురస్రాలు. సన్నటి మరలు. చూపుడువేలు వెడల్పున ఒక పల్చటి పట్టీ ఆ ముక్క నుంచి ముందున్న తెరకు పోతోంది. అంతే. చాచా చాలాసేపు వేలితో తాకీ తాకనట్టు తడిమాడు.

"ఇందుల కితాబులు ఏడున్నయ్?"

గోరంత ఉన్న ఒక నల్ల చతురస్రాన్ని ఆయన వేలికి అందించాను. వేలు దాని మీద ఉంచి, కదలకుండా ఉండిపోయాడు. జీవితమంతా పుస్తకాల బరువు మోసిన మనిషి. ఏమంటాడోనని నాకు భయమేసింది. "నా దుకాణం మొత్తం గీ గోటి కింద పట్టిందా!" అని నెమ్మదిగా నవ్వాడు. తర్వాత పట్టీని తడిమి, "ఇగో, కుట్టు లేదన్నవు. ఇదే దీని దారం. గిది తెగితే కితాబు లేదు," అన్నాడు. నేను కాదనలేకపోయాను.

తెర ఎలా పనిచేస్తుందని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. సన్నటి గాజు మీద కంటికి కనపడని బుడగలు, ఒక్కోదాంట్లో నల్ల రంగు పొడి, తెల్ల రంగు పొడి. కరెంటు వచ్చి నల్ల పొడిని పైకి లాగిన చోట అక్షరం కనపడుతుంది. "అంటే సిరానే గదా!" అన్నాడు. సిరానే అన్నాను. విప్పేముందు బతికుందో లేదో చూద్దామని నేను ఆన్ చేశాను కాబట్టి ఆయన చదివి ఆపిన పేజీ తెర మీదే ఉంది. బ్యాటరీ తీగను ఎముక బద్ద కొసతో పైకి లేపి విడదీశాం. ఉబ్బిన బ్యాటరీని మెల్లగా ఎత్తి ఇసుకలో పెట్టాం. చాచీ ఊపిరి వదిలింది. పలకను తిప్పి చూస్తే పేజీ అలాగే ఉంది. ఒక్క అక్షరం చెదరలేదు.

చాచా దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు, మళ్లీ వెనక్కి తిప్పి బ్యాటరీ లేని ఖాళీ జాగాను తడిమాడు, మళ్లీ చదివాడు. "గుండె తీసినం గదా బేటా. అక్షరం పోలే!" అన్నాడు. తెర మీద అక్షరం ఉండటానికి కరెంటు అక్కర్లేదని, పేజీ మార్చడానికే కావాలని చెప్పాను. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందో చెప్పలేను. చాచీని పిలిచి చెప్పాడు. "అక్షరం ఉండనీకి ఏం అక్కర్లేదంట. పన్నా తిప్పనీకే కరెంటు కావాలెనంట."

కొత్త బ్యాటరీ పెట్టాం. పలక లేచింది, ఆపిన చోటే తెరుచుకుంది. అది గొడుగు పేజీ. వాన కొడుతున్న స్టేషన్, దిగిన మనిషి, చంకలో గొడుగు. "వచ్చిండు చూడు మనోడు. రేపు తెలుస్తది వీని సంగతి!" అన్నాడు చాచా. ఆ మధ్యాహ్నం ఆయన మొహంలో ఉన్న సంతోషం నాకు ఇప్పటికీ కనపడుతోంది. చాయ్ పెడదామని నేనూ చాచీ వంటింట్లోకి పోయాం.

కొక్కేలు విరగడంతో వెనక మూత నిలబడలేదు. చాచా అంచు వెంట సన్నగా తెల్ల జిగురు రాశాడు. రాశాక ఆయన చేతులు ఏం చేస్తాయి? జీవితమంతా జిగురు రాసిన ప్రతిదాన్నీ ఎక్కడ పెట్టాయో అక్కడే పెట్టాయి. మేం చాయ్ కప్పులతో వచ్చేసరికి పలక షికంజాలో ఉంది, ఆయన చెయ్యి చక్రం మీద ఉంది. నేను "చాచా!" అని అరవడం, పల్చటి అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు కావడం ఒకేసారి జరిగాయి. కాసేపటి కింద అది గాజని నేను చెప్పాను, ఆయన విన్నాడు. ఆయన చేతులు వినలేదు.

తీసి చూస్తే తెర కింది సగమంతా నల్లగీతలు. పై సగంలో మాత్రం గొడుగు మనిషి అలాగే ఉన్నాడు. మీట నొక్కితే పేజీ మారలేదు, ఆ సగం కదలలేదు. చాచా మంచం మీద కూర్చుని రెండు చేతులనూ ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "నేను చెప్పలే బేటా వీటికి. అవే పోయినయ్," అన్నాడు. కాసేపటికి పై సగం తడిమి, "మళ్ల నడిమిట్లనే ఆగింది," అన్నాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ మింగి చాయ్ తాగాను.

ఇంకొకటి తెస్తానంటే వద్దన్నాడు. "ఒకదాన్ని చంపిన, చాలు." నేను వచ్చి చదివి వినిపిస్తానన్నా వద్దన్నాడు. "నువ్వు చదివితే నువ్వు చూసిన గొడుగు అయితది. నాకు నేను చూసేది కావాలె." ఇంత మొండి మనిషిని ఏం చేయను? నవల మిగిలిన సగాన్నీ పెద్ద అక్షరాల్లో కాగితాల మీద తీయించి ఇస్తానన్నాను. చాచా లేచి కూర్చున్నాడు. "విడి కాగితాలు గాదు. మడతలకు వచ్చేటట్టు తీయించు. నేను కుట్టుకుంట."

ఏ పేజీ పక్కన ఏ పేజీ రావాలో ఫోనులో చెప్పాడు. జిరాక్స్ షాపాయన తప్పుగా తీసి, మళ్లీ తీసి, మమ్మల్నిద్దరినీ తిట్టుకున్నాడు. అక్షరాలు చూడకుండా పేజీ నంబర్లే చూసుకుంటూ ఆ కట్ట మోసుకుపోయి ఇచ్చాను. ఇటుకంత లావైంది. చాచీ ఇంట్లో మళ్లీ జిగురు వాసనని ముక్కు మూసుకుంది, మైదా మాత్రం తనే ఉడికించి ఇచ్చింది. చాచా కుట్టడం వేళ్లతోనే. ఒక రోజు ఫోను చేసి గొప్పగా చెప్పాడు. "ఈసారి సూది గుచ్చేటప్పుడు కండ్లు మూస్కుంటున్న బేటా. నడిమి చూస్తలేను. షురూ నుంచే చదువుత." మీ కళ్లు మూసినా తెరిచినా ఒకటే కదా అని ఆట పట్టించాను. "అక్షరాలు ఇడ్లీలంత తీయించినవు, కనబడ్తలేవా?" అని ఎదురు నవ్వాడు.

ఆఖరి ఫోను సోమవారం. జిల్దు అయిపోయింది, షికంజాలో పెట్టాడు. "శుక్రవారం రా. నువ్వుంటేనే ఇప్పుత." ఇప్పుడే కాస్త తెరిచి చూడరాదా చాచా అన్నాను. వకీలుకు చెప్పిన గొంతుతోనే చెప్పాడు. "తడి మీద తెర్వొద్దు."

శుక్రవారం పోయాను. ఆ రోజే ఆయనకు జియారత్, మూడో రోజు ప్రార్థనలు. ఫాతిహా అయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, చాచీ నా చెయ్యి పట్టుకుని షికంజా దగ్గరికి తీసుకుపోయింది. "ఇప్పు బిడ్డా. నిన్ను రమ్మన్నడు గదా." చక్రం నా ఒక్కదానికి కదల్లేదు, ఆయన బిగింపు అది. ఆమె కూడా చెయ్యి వేసింది. ఇద్దరం కలిసి తిప్పాం.

పుస్తకం బయటికి వచ్చింది. పూర్తిగా ఎండింది, అంచులు సాఫుగా ఉన్నాయి. మంచం మీద ఆయన కూర్చునే చోట పెట్టి, సగానికి తెరిచి, చేతులు తీసేశాను. తెరుచుకునే ఉంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు. చాచీ నన్ను ఏడవనిచ్చి, తర్వాత అంది. "నాకు తెలుగు చదువ రాదు. గొడుగు ఎందుకు తెర్వలేదో చూడు. ఇంట్ల కూసుంటే గొడుగు, లేస్తే గొడుగు, నా పానం తిన్నడు."

పేజీలు తిప్పుకుంటూ పోయాను. గొడుగు చివరి మడతలో దొరికింది. ఆ మనిషి చంకలో ఉన్న గొడుగుకు కడ్డీలు విరిగి ఉన్నాయి, తెరిస్తే తెరుచుకోదు. ఆ ఊళ్లో గొడుగులు బాగుచేసే ముసలాయన ఉన్నాడని విని, దాన్ని పట్టుకుని రైలెక్కి వచ్చాడు. అందుకే వానలో తడుస్తూ నడిచాడు. చాచీకి చదివి వినిపించాను. ఆమె నోటి మీద కొంగు పెట్టుకుంది, భుజాలు కదిలాయి. చూస్తే నవ్వుతోంది. "అల్లా! రిపేరుకు తెచ్చిండా? ఇగ ఇది ఆయనకే తట్టలేదా! పొద్దున లేస్తే దుకాణంకు వచ్చేటోళ్లు గసుంటోళ్లే గదా."

నేను ఆ పేజీ మీది నుంచి కళ్లు తీయలేకపోయాను. రెండు పేజీల మధ్య లోయలో తెల్లటి దారం కనపడుతోంది. అది మడత నడిమి. సూది పోయిన పేజీ, ఆయన కళ్లు మూసుకుని కుట్టాల్సిన పేజీ.

"చాచీ," అన్నాను, "చివరి మడత కుట్టేటప్పుడు ఇక్కడ ఉన్నావా?"

"ఈడనే ఉన్న. మైదా కలుపుతున్న." ఆమె నవ్వు మెల్లగా ఆగింది. "కుట్టుకుంట కుట్టుకుంట ఒక్కసారి నవ్విండు. పెద్దగ నవ్విండు. ఏంది అంటే, ఏం లేదు, చాయ్ పెట్టు అన్నడు."

చాచీ వచ్చి నా పక్కన కూర్చుని, చదవరాని ఆ పేజీ మీద చూపుడువేలు ఉంచి, దారం వెంట పై నుంచి కిందికి మెల్లగా రాసింది. కిటికీలో విరిగిన పలక ఉంది. దాని ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. పై సగంలో వాన ఇంకా కురుస్తోంది, గొడుగు చంకలో పెట్టుకుని ఆ మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు.